మూడో కారుకి సెట్టు

తోమా గారికి వందనాలు.

ఫోన్లో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. క్రిస్మస్ పాటలకి వెళ్లేటప్పుడు కలిదిండి చెరువు గట్ల మీద మంచులో ముందు కారు కనబడటం లేదని మన క్వయర్ కోసం వాకీటాకీలు కొంటున్నారట. మంచిదేనండి. అయితే మూడు కార్లకి రెండు సెట్లు చాలన్నారని, “మాట్లాడలేని ఆయనకి సెట్టెందుకండీ” అని ఎవరో అన్నారని మా ఆవిడ పెర్సిస్ చెప్పింది.

గొంతు ఆపరేషన్ తర్వాత నాకు మాట లేదు, నిజమే. చెవులున్నాయి కదండీ. కారు నడపొచ్చని డాక్టరు గారే అన్నారు, చివరి కారు ఎప్పటిలా నాదే.

దయచేసి మూడు కొనండి. ఎంత దూరం అందుతుందన్నదొక్కటే చూడకండి, కాల్ బటన్ ఉన్నవి తీసుకోండి. అది నొక్కితే మిగతా సెట్లలో బీప్ మోగుతుంది. ఒకసారి మోగితే వెనకే వస్తున్నానని, రెండుసార్లు మోగితే ఆగమని.

బయల్దేరే ముందు ప్రార్థన ఎప్పటిలా మీరే చేయండి, ఈసారి సెట్టులో. ఇన్నేళ్లూ అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నేనే కదా. మీరు ముగించాక ఒక్క క్షణం ఆగండి. బీప్ వినబడ్డాకే బండి తీయండి.