వేడి గారె

అక్కా,

ఇవాళ నీ తద్దినం. నేను వండిన గారెలు బావ అరిటాకులో పెట్టి పెరటి గోడ మీద ఉంచాడు. కాకి ముట్టలేదు.

"మా ఆవిడకి గారెలంటే ప్రాణమండీ. ఏం కోరిక మిగిలిపోయిందో!" అని పురోహితుడి ముందు కళ్లొత్తుకున్నాడు.

కొబ్బరి దింపు తీసే రోజున, కాయలు దింపేవాళ్ల కోసం పొద్దుటే మీ ఇంట్లో గారెలు. వేడివన్నీ బావకీ వాళ్లకీ, అందరూ తిని లేచాక చల్లారిన మాడు ముక్కలు నీకు. ఒకసారి వేడిది నోట్లో పెట్టుకోబోతే, "ఆడదానికి అంత ఆత్రమేంటే?" అన్నాడు బావ, నా ఎదుటే.

ఇవాళా నీ ఆకులోవి చల్లారినవే. కోరికేమిటో నాకు తెలుసు. చెప్పలేదు.

కాసేపు చూసి బావ లోపలికొచ్చి పీట వాల్చుకున్నాడు. "నాకో వాయి వేడివేడిగా తియ్యమ్మా" అన్నాడు.

మూకుడు దింపేసి, పొయ్యిలో నీళ్లు పోసేశాను.

నీ చెల్లి