సంతకానికి అందుబాటులో లేడని ధ్రువపత్రం కోరుతూ

తహశీల్దారు గారి సముఖమునకు, ఈ ద్వీపమున డాలీగంజ్‌లో హార్డ్‌వేర్ అంగడి నడుపుకొను చలపతి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా అంగడి డొమైన్‌కు ఈ-మెయిల్ ధ్రువీకరణ రికార్డులు పెట్టించుకొనుటకు, సదరు డొమైన్ యజమానియగు మా అన్న మల్లేశు సంతకమునకు అందుబాటులో లేడని ధ్రువపత్రము ఇప్పించుట గురించి.

1. మా అన్న మల్లేశు 2004లో మా అంగడికి తన పేరు మీద ఒక డొమైన్, అనగా ఇంటర్నెట్‌లో సొంత చిరునామా, కొనియున్నాడు. మా మెయిళ్లు నేటికీ దాని మీదనే నడచుచున్నవి. ఆ యేడు డిసెంబరులోనే సరుకు దింపించుటకు కార్ నికోబార్ ద్వీపమునకు వెళ్లి, సునామీ నాటి నుండి కానరాకున్నాడు. శవము దొరకలేదు. మా అమ్మ కాశమ్మ మరణ ధ్రువపత్రపు దరఖాస్తు మీద ఈనాటికీ వేలిముద్ర వేయలేదు. పరిహారము వ్రాసుకొనుటకు వచ్చినవారికి టీ ఇచ్చి పంపివేసినది.

2. గత నెల మా అమ్మ ఫోనుకు ఒక మెయిల్ వచ్చినది. పంపినవారి చోట మా అన్న పేరు, మా అన్న పాత మెయిల్ చిరునామా పొల్లుపోకుండా ఉన్నవి. లోపల "మా, మైఁ జిందా హూఁ. కిసీకో మత్ బతానా" అని, అనగా బతికే ఉన్నాను, ఎవరికీ చెప్పవద్దని ఉన్నది. అమ్మకు చదువు రానందున ఎదురింటి సాయిలక్ష్మి చదివి వినిపించినది. ఇది మోసమని, అన్న నీకు హిందీలో ఏల వ్రాయునని నేను అడుగగా అమ్మ ఇట్లనినది:

"ఇన్నేళ్లు ఎక్కడెక్కడ తిరిగినాడో ఏటో! తెలుగు మర్చిపోనాడు గావాల. నీ కూతురికి మాత్రం తెలుగు రాయడం వొచ్చేటి?"

నా కూతురు హరితకు రాదు.

3. రెండవ మెయిల్‌లో బ్యాంకు పుస్తకము తీసుకొని, ఒంటరిగా చాతం రేవులో ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్ రమ్మని ఉన్నది. అమ్మ ఎవరికీ చెప్పక ఉతికిన చీర కట్టుకొని, డబ్బాలో చేపల పులుసు పెట్టుకొని వెళ్లిపోయినది. ఆ మెయిల్ చదివిపెట్టిన సాయిలక్ష్మి చెప్పగా హరిత పరుగెత్తి ఫెర్రీలో పట్టుకొన్నది.

"నానమ్మా, ఉతరో, దిగు, ప్లీజ్! వో పెద్నాన్న కాదు!"

"నన్నొగ్గీవే! నా కొడుకు అవతల నిలబడున్నాడు!"

జనం చూస్తుండగా ఇద్దరు మనుషులు పట్టి దింపవలసి వచ్చినది. పోలీసు ఫిర్యాదు ఇచ్చియున్నాము. మెయిళ్లు పంపినవాడింకా దొరకలేదు. అవతలి ఒడ్డున ఆ రోజు ఎవరు నిలబడి ఉన్నారో నేటికీ తెలియదు.

4. హరిత చెప్పిన ప్రకారము మా డొమైన్‌కు కాపలా లేదు. ఎవరైనా, ఎక్కడి నుండైనా మా పేరుతో మెయిల్ పంపవచ్చును. దీనికి మూడు రికార్డులు పెట్టవలెను. మొదటిది, మా పేరుతో మెయిల్ పంపుటకు ఏ యంత్రములకు అనుమతి ఉన్నదో చెప్పును. రెండవది, ప్రతి మెయిల్ మీద మా ముద్ర వేయించును. మూడవది, ఈ పరీక్షలో తప్పినదానిని ఏమి చేయవలెనో ఆజ్ఞాపించును. అరగంట పని అట.

5. అయితే డొమైన్ అమ్మిన మెయిన్‌ల్యాండ్ కంపెనీ, యజమాని సంతకము గాని మరణ ధ్రువపత్రము గాని లేనిదే ఆ రికార్డులు పెట్టనివ్వము అనుచున్నది. ఏటేటా రుసుము కట్టించుకొనుటకు మాత్రము వారికి ఎవరి సంతకమూ అక్కరలేకపోయినది. అమ్మను వేలిముద్ర అడిగితిని. "ఏలు నరుక్కో. ముద్ర మాత్రం ఎయ్యను" అన్నది. చివరకు, యజమాని అందుబాటులో లేడని ప్రభుత్వ అధికారి ముద్రతో కాగితము తెస్తే చాలునని కంపెనీవారు ఫోనులో ఒప్పుకొన్నారు.

6. అయ్యా, నాకు భయంగా ఉంది. పంపేవాడు ఈ ఊరివాడే అనిపిస్తోంది. సిమెంటు అడిగేవాడి ముఖమూ, మేకులు అడిగేవాడి ముఖమూ అనుమానంగా చూస్తున్నాను. అమ్మ ఫోను మోగితే ముందు నేనే చూస్తున్నాను. ఫోను లాక్కొంటే అన్నం ముట్టదు, ఇస్తే గడప దాటుతుంది. మూడో మెయిల్ వచ్చేసరికి నేను అంగడిలో ఉంటే ఎలా?

కావున మా అన్న చనిపోయినాడని గాక, సంతకము పెట్టుటకు అందుబాటులో లేడని మాత్రమే వ్రాసి, తమ ముద్రతో కాగితము ఇప్పించవలెనని ప్రార్థన. అటువంటి నమూనా తమ కార్యాలయములో లేదని గుమాస్తా గారు సెలవిచ్చినారు. లేనిచో దయతో ఒకటి పుట్టించవలెను.

ముసలి తల్లిని కాపాడుకొనలేక వ్రాసిన ఈ అర్జీ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
చలపతి

తా.క.: అయ్యా, ఈ అర్జీ అమ్మకు చదివి వినిపించాను. అంతా విని ఒక్కటే అడిగింది: "నిజంగా ఆడే రాస్తే? అదీ రాదేటి?"

రాదని హరిత చెప్పింది. అనుమతి లేని యంత్రం నుండి ఎవరు పంపినా ఒకటేనట. మూడో రికార్డులో రెండు దారులున్నాయట. ఒకటి, మెయిల్‌ను బయటనుంచే తిప్పికొట్టడం. రెండోది, చెత్త మెయిళ్ల పెట్టెలో పడేయడం. తిప్పికొట్టేయమని మొదట నేనే గట్టిగా చెప్పాను. మా అన్న లేడు. సునామీ తర్వాత కార్ నికోబార్ ఒడ్డుకు వెళ్లి వెతికినవాణ్ని, నాకు తెలుసు.

ఈ ఉదయం హరితను పిలిచి, పెట్టెలోనే పడనివ్వమన్నాను. అమ్మ ఫోనులో ఆ పెట్టెను రోజూ నేనే తెరిచి చూస్తాను. దొంగను పట్టుకోవడానికని హరితకు చెప్పాను.