తిండి దాచే మనిషి

ఏమండీ,

ఎంత కోపం వచ్చినా "మీరు" అనడం మానలేని మీ ఆవిడ రాస్తున్నది. మీ ఉత్తరం అందింది. ఫోను పాడైందని ఉత్తరం రాశారు, ఒకందుకు మంచిదే. ఫోన్లో అయితే నేను గొంతు పెంచగానే పెట్టేస్తారు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేరు కాబట్టి కుదురుగా కూర్చుని చివరిదాకా చదవండి.

"తిండి దాచిపెట్టుకుని కూర్చున్నావట" అని రాశారు. ఆ "అట" ఎవరిదో నాకు తెలుసు. మీ అమ్మగారు పక్కింటి టైలరు చేత మీకు ఉత్తరం రాయించినప్పుడే అనుకున్నాను, ఇందులో నా పురాణమే ఉంటుందని. అవును, దాస్తున్నాను. రేపటి కోసం దాయడం వేరు, మనుషుల కంట పడకుండా దాయడం వేరు. రెండిటికీ మనకు ఒకటే మాట ఉండడం నా ఖర్మ. నేను మొదటిది చేస్తే మీరిద్దరూ రెండోది అంటగట్టారు.

ఎలా దాచానో కూడా వినండి, మీరు పంపే డబ్బు తగలేస్తున్నానని అనుకుంటున్నారు కదా. బజారుకు వెళ్ళినప్పుడల్లా వాడుకోవడానికి ఒక పొట్లం, దాయడానికి ఒక పొట్లం. కొత్త చీర లేదు, రిక్షా లేదు, మోకాళ్ళు పట్టేసినా నడిచే వెళ్ళాను. సంచి చిరిగిన బియ్యం షావుకారు చవగ్గా ఇస్తాడు, అవి కింద ఒలికినవాటితో సహా ఎత్తుకొచ్చి జల్లించాను. పిండి నిలవ ఉండదని గోధుమలే కొన్నాను. శనగలు పంటికింద పటుక్కుమనేదాకా డాబా మీద ఎండబెట్టాను. బిస్కెట్ల కొట్టువాడు పారేసే రేకు డబ్బాలు తెచ్చి, కడిగి, ఎండలో బోర్లించి, నింపి, మూత చుట్టూ మైనం కరిగించి పోశాను. ఏ డబ్బా ఎప్పుడు నింపానో మూత మీద సుద్దతో రాశాను. పాతవి ముందు, కొత్తవి వెనక. చెయ్యి ఎన్నిసార్లు కాలిందో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

మీ అమ్మగారు ఏం చేశారో తెలుసా? నేను నీళ్ళకు వెళ్ళినప్పుడు మంచం కింద నుంచి గోధుమల డబ్బా లాగి, చెంచాతో మైనం గోకి, మూత తీసి చూశారు. మళ్ళీ ఏమీ ఎరగనట్టు మూత పెట్టేశారు. "గాలి తగిలితే పురుగు పడుతుంది అత్తయ్యా" అంటే, "చూస్తే అరిగిపోతుందేమిటే?" అన్నారు. అరగదండీ, పుచ్చుతుంది.

ఇంతా అయ్యాక మీ హుకుం ఒకటి. డబ్బాలన్నీ అమ్మకు అప్పగించాలట, ఇకమీదట ఒక్క గింజ అదనంగా కొనకూడదట. ఇంకా "ఇక్కడ మనిషి" అని ఏదో మొదలుపెట్టి కొట్టేశారు. ఏమిటండీ ఇక్కడ మనిషి? ఇక్కడ మనిషి ఎండలో వంతెనకు వెల్డింగు చేస్తుంటే అక్కడ పెళ్ళాం తిండి పోగేసుకుంటోంది అనా? తిట్టదలచుకుంటే పూర్తిగా తిట్టండి. సగం తిట్టు నాకు అరగదు.

మీకు ఎన్నడూ చెప్పని మాట ఒకటి చెబుతాను. నా చిన్నప్పుడు నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. అమ్మ నన్ను "ఆడుకుని రా" అని పక్కవీధికి పంపేది. ఎప్పుడూ సరిగ్గా భోజనాల వేళకే పంపేది. ఆ ఇంటి పిల్లతో గవ్వలాట ఆడుతూ నా చెవులన్నీ వంటింట్లోనే ఉండేవి. వాళ్ళు కంచాలు పెడుతూ "నువ్వూ తింటావా?" అనేవారు. "తినే వచ్చానండీ" అనాలి. అలా అనమని అమ్మే నేర్పింది. రెండోసారి అడిగితే కూర్చోవాలి. ఒకరోజు ఆ ఇంటావిడ రెండోసారి అడగలేదు. "ఈ పిల్ల రోజూ అన్నాల వేళకే వస్తుందేం?" అని లోపల ఎవరితోనో అంది. నాకు వినిపించేటట్టే అంది. గవ్వలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. అమ్మ "తిన్నావా?" అంటే తిన్నానన్నాను.

నా కడుపున పుట్టినవాళ్ళెవరూ అలా ఇంకొకరింటికి ఆడుకోవడానికి వెళ్ళకూడదని ఆ రోజే అనుకున్నాను. మన చిట్టి తల్లి పుట్టాక మొదటి డబ్బా నింపాను. కాబట్టి కచ్చితంగా చెబుతున్నాను. నా డబ్బాల జోలికి వస్తే నేను ఈ ఇంట్లో ఉండను. బిడ్డను చంకనేసుకుని, డబ్బాలు బండిలో వేసుకుని పోతాను. ఎక్కడికని అడగకండి. తిండి ఉన్న మనిషికి చోటు దొరక్కపోదు.

మీరు పెట్టిన పేరే ఖాయం చేసుకుని,
తిండి దాచే మనిషి

*

ఏమండీ,

ఈసారి ఏమని పిలవాలో కూడా తెలియడం లేదు. నోటికొచ్చినవేవీ రాసేటట్టు లేవు.

మీతో పనిచేసిన క్రేన్ డ్రైవరుగారు అక్కడి కాపురం ఎత్తేసి ఊరికొచ్చేశారట, మనింటికి వచ్చారు, మీరిచ్చి పంపిన డబ్బు పట్టుకుని. మంచినీళ్ళిచ్చి, "పని ఎలా సాగుతోందన్నయ్యా?" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "పనెక్కడిదమ్మా? వంతెన ఆగిపోయి చాలా రోజులైంది. నీకు తెలుసనుకున్నానే" అన్నారు. మీరు మార్కెట్లో మూటలు దింపుతున్నారట. ఫోను పాడవలేదట, అమ్మేశారట. ఇంటికి పంపేది మాత్రం ఒక్క రూపాయి తగ్గకూడదని పట్టుబట్టారట.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆయన నవ్వుతూనే అన్నారు, పాపం, ఆయనకేం తెలుసు. "రోజూ మా ఇంటికి కబుర్లకి వచ్చేవాడమ్మా, సరిగ్గా భోజనాల వేళకి. తినవయ్యా అంటే తినే వచ్చానంటాడు. మా ఆవిడ రెండోసారి అడిగితే కూర్చుంటాడు."

ఆ గుమ్మంలో మీరు ఎలా నిలబడి ఉంటారో, చెవులు ఎక్కడ ఉంటాయో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కొట్టేసిన ఆ వాక్యం ఏమిటో ఇప్పుడు అర్థమైంది. ఇక్కడ మనిషి పస్తులున్నాడు. అదే కదూ?

ఒళ్ళు మండిపోతోందండీ. నేను దాచింది తిండి, మీరు దాచింది ఆకలి. ఇద్దరిలో దొంగ ఎవరు? పని పోయిందని ఒక్క ముక్క రాస్తే నేను ఒక్క పొట్లమైనా అదనంగా కొనేదాన్నా? మీరు తినని అన్నమంతా ఇక్కడ మంచం కింద డబ్బాల్లో ఉంది. మైనం వేసి మరీ భద్రం చేశాను. ఇంత తెలివిగల సంసారం ఊరంతా వెతికినా దొరకదు.

డబ్బాలు తెరిస్తే ఇంట్లో ఉండనన్నాను కదా. ఇవాళ నేనే తెరిచాను. మీ అమ్మగారు గోకిన గోధుమల డబ్బా ముందు తీశాను. అనుకున్నట్టే పురుగు పట్టింది. ఆవిడ తలుపు దగ్గర నిలబడి, "అదేంటే, దాచుకున్నావు కదా, తీస్తున్నావేం?" అన్నారు. మీ సంగతి చెప్పాను. ఆవిడ చేట తెచ్చుకుని నా పక్కన కూలబడి పురుగులు ఏరడం మొదలుపెట్టారు. కళ్ళు సరిగా ఆనవు, అయినా మానలేదు.

క్రేన్ డ్రైవరుగారు మిగిలిన సామాను తెచ్చుకోవడానికి రేపు మళ్ళీ అక్కడికి వస్తున్నారు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను, మీరిచ్చి పంపిన డబ్బుతో సహా. అది బండి ఖర్చులకు. గది ఖాళీ చేసి ఆయనతోనే బయల్దేరండి. కొత్త పని దొరికేదాకా కూర్చుని తినడానికి ఇంట్లో ఉంది. సుద్ద గీతలు చూసి పాతవి ముందు తీస్తాను. మిమ్మల్ని తిట్టడం మాత్రం ఆపను, అది కూడా బాగానే నిలవ ఉంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. గుమ్మంలో అడుగుపెట్టగానే "తిన్నారా?" అని అడుగుతాను. "తినే వచ్చాను" అన్నారో, డబ్బా మూత తీసి నెత్తిన కొడతాను. ఈ ఇంట్లో రెండోసారి అడగడం ఉండదు. తినలేదని చెప్పండి, చాలు.

ఇంటి దగ్గర కంచం పెట్టుకుని కూర్చున్న,
తిండి దాచే మనిషి