అమ్మ గదిలో ఓజోన్

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా అని రాయడం నాకు అలవాటు. ఈసారి ఆ మాట సగమే నిజం. అమ్మకి దగ్గు తగ్గింది, నాకే బాగోలేదు. ఒంట్లో కాదులే.

"ఇన్ని నెలలూ తగ్గని దగ్గు ఇప్పుడు ఏ మందుకి తగ్గింది?" అని అడిగావు. మందు కాదమ్మా. చెప్తాను, తిట్టుకోకుండా చదువు.

నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు, పాత ఫ్రిజ్‌ల గ్యాసు గాల్లోకి వదిలేస్తున్నానని మన రిపేరు షాపుకొచ్చి పోట్లాడావు, గుర్తుందా? "ఆ గ్యాసుకి ఓజోన్ పోతే ఎండకి మాడిపోతాం నాన్నా!" అన్నావు. అప్పటినుంచి గ్యాసంతా సిలిండర్‌లోకి పట్టాకే ఫ్రిజ్ విప్పుతున్నాను. తోటి మెకానిక్కులు "ఓజోన్ మాస్టారూ" అని ఆటపట్టిస్తే పైకి కసురుకునేవాణ్ణి గానీ, లోపల మురిసిపోయేవాణ్ణి.

ఆ మురిపెమే కొంప ముంచింది. కొన్ని నెలల కిందట బజార్లో గది గాలిని శుభ్రం చేసే మిషనొకటి కనబడింది. డబ్బా మీద "ఓజోన్ తయారుచేస్తుంది" అని ఉంది. ఆయాసమున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి అనుకుని తెచ్చి అమ్మ మంచం పక్కన పెట్టాను. ఓజోన్ బయటికి పోకుండా కిటికీలు మూసి, సందుల్లో ఫ్రిజ్ తలుపుల పాత రబ్బరు కూడా దూర్చాను. "ఆ వాసనకి గొంతు మండుతోందండీ" అంటే "నీకేం తెలుసు, ఊరుకో" అన్నాను. దగ్గు పెరిగినకొద్దీ మిషను మీట ఇంకాస్త ఎక్కువకి తిప్పాను.

కిందటి నెల అమ్మని ఎక్స్‌రేకి తీసుకెళ్తే, ఇంట్లో కొత్తగా ఏమైనా పెట్టారా అని డాక్టరమ్మ అడిగింది. గొప్పగా చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. "అది పైన ఆకాశంలో ఉంటేనే మనకి కాపలా అండీ. గదిలో పీలిస్తే ఊపిరితిత్తులు పాడైపోతాయి" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మ "ఏమన్నారు?" అంటే, "దుమ్మట. నువ్వు ఇల్లు సరిగ్గా ఊడవట్లేదు" అనేశాను. పిచ్చిది, ఇంటికి రాగానే ఆయాసపడుతూ మంచం కిందంతా తుడిచింది. రిపేరుకని చెప్పి మిషను తీసుకెళ్లి షాపులో పడేశాను.

ఇంతవరకూ రాసి, ఉండబట్టలేక ఇప్పుడే అమ్మకి చదివి వినిపించాను. అంతా విని మెల్లగా అంది: "మీరు షాపుకెళ్లగానే దాన్ని ఆపేసి, రబ్బరు పీకి, కిటికీ తెరిచేదాన్ని. స్కూటర్ చప్పుడు వినబడగానే మళ్లీ అన్నీ మూసేదాన్ని. అంత ముచ్చటపడి తెచ్చారు కదా, చిన్నబుచ్చుకుంటారని."

నేను ఇంటికొస్తున్నానంటే మీ అమ్మ కిటికీలు మూసుకునేది తల్లీ.

ఇట్లు,
మాస్టారు అనిపించుకునే మొహం లేని
మీ నాన్న