భుజం మీది చెయ్యి

మార్చి 3
ఈ రోజు నుంచి నేను ఉభయతీర ఉమ్మడి చరిత్ర ప్రదర్శనకు జాయింట్ సెక్రటరీని. అర్హత: ఇంట్లో స్కానర్ ఉండడం. మా ఊరి చరిత్ర సంఘానికి పెదనాన్న అధ్యక్షుడు. ఏటి అవతలి సంఘానికి టైలర్‌గారు. వంతెన కట్టింది మా వాళ్లంటే మా వాళ్లని ఇద్దరూ ఏళ్ల తరబడి పోట్లాడుకుంటున్నారు. వంతెన మాత్రం పాపం ఇద్దరినీ మోస్తోంది.

మార్చి 9
మా సంఘం ఆస్తి: వంతెన కూలీల పాత ఫోటో. కుడి చివర మా ముత్తాత. ఆయన భుజం మీద ఒక చెయ్యి. ఆ చేతికి మనిషి లేడు. ఊళ్లో పిల్లలందరం ఆ దెయ్యం చేతికి జడుసుకునే పెద్దవాళ్లమయ్యాం. మాకున్న టూరిజం అదొక్కటే.

మార్చి 14
టైలర్‌గారు వాళ్ల ఫోటోను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చారు. ఎడమ చివర ఆయన ముత్తాత, ఒంటిచేతి మేస్త్రి. వంతెన కడుతూ కుడిచెయ్యి పోగొట్టుకున్న వీరుడు. ఆయన పేర వీధి ఉంది, ఏటా సభ ఉంది, సభలో టైలర్‌గారి కన్నీళ్లున్నాయి. జాగ్రత్త బాబూ, మా వంశం మొత్తానికి గొప్పోడు ఈయనొక్కడే, అన్నారు.

మార్చి 15, మధ్యాహ్నం
రెండూ స్కాన్ చేసి స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టాను.
ఓరి నాయనో.

అదే రోజు, సాయంత్రం
రెండూ ఒకటే ఫోటో. ఏ గొడవలోనో ఎవరో మహానుభావుడు కత్తెరతో నిలువునా పంచేశాడు. దెయ్యం చెయ్యి మేస్త్రిదే! ఫోటో భుజం దగ్గర ఆగిపోతే చెయ్యే లేదనుకున్నారు వాళ్లు. మనిషి కనబడకపోతే దెయ్యమనుకున్నాం మేము. రెండు సంఘాల పరిశోధన ఇదీ.
పెదనాన్నకు చూపించాను. అవతలి వాళ్ల వీరుడి కథ తేలిపోయింది, ఇక ఊరేగింపే అనుకున్నాను. ఆయన చాలాసేపు చూసి, ఒరేయ్, ముందు టైలర్‌గారికి చూపిద్దాం, వద్దంటే విడివిడిగానే వేలాడదీద్దాం, అందాకా నీ నోటికి తాళం వెయ్యి, అన్నాడు. గెలిచిన పందెం వదులుకునే మనిషిని మొదటిసారి చూశాను. అదీ మా ఇంట్లో. ఛాతీ ఉబ్బి చొక్కా బిగుతైంది.

మార్చి 17
టైలర్‌గారు చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఇన్నేళ్లూ సభల్లో అబద్ధం చెప్పానా, రేపు జనంలో తలెలా ఎత్తుకోను, అన్నారు. ఫోటో చంకన పెట్టుకుని నడిచే వెళ్లిపోయారు.

మార్చి 18
ఏమీ లేదు. పెదనాన్న అన్నం కెలికి లేచాడు.

మార్చి 20
వచ్చారు! ఫ్రేము ఊడదీసి మరీ తెచ్చారు. అతికించెయ్యండి, వీరుడు పోతే పోయాడు, మా ముత్తాతకి చెయ్యి దొరికింది, అన్నారు.
ఇన్నాళ్లూ భద్రంగా మా భుజం మీదే ఉంచాం కదండీ, అన్నాడు పెదనాన్న.
నేను స్కానర్ వైపు తిరిగి లేని దుమ్ము తుడిచాను.

ఏప్రిల్ 2
ప్రదర్శన. ఫోటో కింద నేనే రాశాను: వంతెన కట్టినవాళ్లు. ఏ ఒడ్డువాళ్లో రాయలేదు. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ 3
రెండు సంఘాల గ్రూప్ ఫోటో తీశాను. పెదనాన్న భుజం మీద టైలర్‌గారి చెయ్యి.
ఇంట్లో కత్తెరలన్నీ దాచేశాను.