ఫొటోలో లేని మెట్లు

సిబ్బంది అధికారి గారికి,

ఈతకొలనులో నేను గెంతుతున్న ఫొటో చూసి మోకాలు బాగైపోయిందని మీరే తేల్చేశారు. సోమవారం లాండ్రీకి వచ్చి తడి దుప్పట్ల మూటలు మోయకపోతే ఉద్యోగం ఉండదన్నారు. ఆ మూటలు మోసే కదండీ మోకాలు దెబ్బతింది!

ఛాతీలోతు నీళ్లలో ఒంటి బరువు కాళ్ల మీద పడదు. అందుకే డాక్టరు అక్కడ వ్యాయామం చేయమన్నారు. "గెంతక్కా, ఇక్కడ నువ్వు దూదిపింజవి!" అంటుంది నేర్పే అమ్మాయి. నవ్వాను. ఆ నవ్వే మీకు సాక్ష్యమైంది. దెబ్బ తగిలినవాళ్లు ఏడుస్తూనే ఉండాలని ఏ చట్టంలో ఉంది?

రేపు పదింటికి ఈతకొలను దగ్గరికి మీరే రండి. నీళ్లలోంచి బయటికి నాలుగు మెట్లు. రెండో మెట్టుకే ఒంటి బరువంతా తిరిగొస్తుంది, ఇద్దరు పట్టి లాగాలి. ఫొటో అప్పుడు తీయండి. లేదంటే ఫోను జేబులో పెట్టి, మీరూ ఒక చెయ్యి వేయండి.

ఇట్లు,
మీ లాండ్రీ మనిషి