పడవ పలక పగిలినందుకు సంజాయిషీ

శ్రీయుత పురావస్తు శాఖ వారి పెన్నా పాత పడవ ప్రత్యేక అధికారి గారి సముఖమునకు, ఏటిగడ్డపల్లె కాపురస్తుడు, తమలపాకుల వ్యాపారి దూదేకుల అల్లా బాషా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: పడవ పలక పగిలినందుకు తమరు అడిగిన సంజాయిషీ, మరియు మిగిలిన కొయ్యలను మరల ఏటి ఇసుకలో పూడ్చుటకు అనుమతి కోరుట గురించి.

1. రెండేండ్ల కిందట మా ఊరి పక్క పెన్నాలో ఇసుక తోడుతుండగా పాత పడవ కొయ్యలు బయటపడిన సంగతి తమకు తెలిసినదే. మా ఏట్లో పడవ నడిచిందంటే ఊళ్లో ఎవరూ నమ్మలేదు. తమరే వచ్చి చూసి, ఏడెనిమిది వందల ఏండ్ల నాటిదన్నారు. ఇన్నాళ్లు తడి ఇసుకలో ఉన్నందుననే నిలిచినదనీ, ఆరితే ముడుచుకొని పగులుతుందనీ, కొయ్య చెడకుండా నానబెట్టే మందునీళ్ల తొట్లు వచ్చేదాకా తడి ఆరనీయరాదనీ సెలవిచ్చినారు. ఆకు కట్టలను తడి గోనెల్లో ఉంచే కొట్టం నాకున్నందున కొయ్యలను అందులో పెట్టించి పైన తడి గోనెలు కప్పించినారు. తొట్లు రాలేదు.

2. గోనెలు తడిపే పని నా భార్య ఫిరోజా చేసినది. ఆమెకు ఎవరూ అప్పగించలేదు. పొద్దున ఆకుకు నీళ్లు చల్లిన చేత్తోనే కొయ్యలకూ చల్లేది. నిరుడు ఎండలకు మా బోరు ఎండి ఆకుతోట పోయినది. అప్పటినుంచి ఊరికి ట్యాంకరు నీళ్లే. వాటిలో ఒక డ్రమ్ము కొయ్యలకని వేరుగా పట్టి మూత పెట్టేది. నన్ను అందులో చెంబు ముంచనిచ్చేది కాదు. ట్యాంకరు దగ్గర పక్కింటి హనుమంతమ్మ ఎగతాళి చేసేది.

"ఏం ఫిరోజా, మీ కొయ్యకు దప్పికైతాండాదా? మా ఎనుముకూ అయితాండాది. దాన్ని గూడ మీ కొట్టంలో కట్టేసేదా?"

"కట్టెయ్యక్కా. గోనె కప్పేది నా పని."

నేనూ ఒకసారి ఇక చాలించమన్నాను. "సారు ఒస్తానని పోయినాడు గదా. ఆయప్పొచ్చే తలికి ఎండిపోయింటే ఏం చెప్తావు?" అన్నది. ఈ మాట తమను నిందించుటకు రాయలేదు.

3. ఈ మే నెలలో ఆమె వడదెబ్బతో మరణించినది. ఆ దినం ట్యాంకరు రాలేదు. మా ఆచారం ప్రకారం పూడ్చే ముందు మనిషికి స్నానం చేయించవలెను. ఆడవాళ్లు నీళ్లడిగినారు. ఇంట్లో ఉన్నవి ఆ డ్రమ్ము నీళ్లే. నేను మూత తీసి ఇచ్చినాను. ఆమె ఉన్నన్నాళ్లు ఆ మూత నేను తీసినది లేదు.

తర్వాత కొన్నాళ్లు కొట్టం వైపు ఎవరూ పోలేదు. నాకు జ్ఞాపకం రాలేదు. పోయి చూసేసరికి గోనెలు అప్పడాల మాదిరి ఉన్నవి. పైపలక పొడవునా పగిలినది. కిందివి ఇంకా మెత్తగానే ఉన్నవి.

4. తమ నోటీసులో 'నిర్లక్ష్యము' అని ఉన్నది. దానికి జవాబు మూడవ అంశంలో రాసినాను. వేరే జవాబు లేదు.

5. నేను కూలికి పోతే నీళ్లు పట్టేవారు లేరు. కావున మిగిలిన కొయ్యలను తమరు తీసుకొనిపోవలెను, లేదా దొరికిన చోటనే తడి ఇసుకలో పూడ్చుటకు ఉత్తర్వు ఇవ్వవలెను. తమ మనిషి ఒకరు దగ్గరుంటే చాలు, గుంత నేను తవ్వుతాను. తొట్లు వచ్చిన నాడు మళ్లీ తీసుకోవచ్చును.

ఇంతకు మించి రాయుట నాకు చేతకాదు. నా మనవిని దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దూదేకుల అల్లా బాషా
ఏటిగడ్డపల్లె

తా.క.: నిన్న హనుమంతమ్మ ఒక బిందె నీళ్లు తెచ్చి గోనెల మీద పోసి పోయినది. సాయంత్రం నేను ఏట్లోకి పోయి తవ్వి చూసినాను. మోకాటి లోతున ఇంకా తడి ఉన్నది. ఫిరోజాకు తవ్విన చోట నిలువు లోతు పోయినా తడి తగలలేదు.